అట్టపెట్టెల్లో పంపిన చప్పుడు

వెనక్కి వచ్చిన పార్సిళ్లు విప్పడం నా పనిగా ఉండేది. మనుషులు ఒక అట్టపెట్టెలో ఏమేం కుక్కి పంపగలరో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. మేము కొత్త సైలెన్సరును బబుల్ షీటులో చుట్టి, మూలలకు థర్మాకోలు పెట్టి, పెళ్లికూతురిని సాగనంపినంత జాగ్రత్తగా పంపేవాళ్లం. అదే సైలెన్సరు తిరిగొచ్చేటప్పుడు చిరిగిన లుంగీలోనో, ముక్కిపోయిన వాసన కొట్టే బొంతముక్కలోనో చుట్టుకుని వచ్చేది. ఒకసారి ఎవరో పైపు కదలకుండా ఉండాలని పెట్టె నిండా విడిచిన బనియన్లు కుక్కారు. ఒక్కొక్కటే పుల్లతో బయటికి తీసి, షెడ్డు వెనకాల సరుగుడు చెట్ల దగ్గర కాల్చేశాను. 

వ్యాపారం మా అన్నది. ముత్తుకూరు నుంచి పోర్టుకు పోయే దారిలో, మా నాయన వరి పండించిన చేను అంచున అన్న ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. చదువు మధ్యలో మానేసి మద్రాసులో కొన్నాళ్లు కార్ల పని నేర్చుకుని వచ్చినవాడు. పోర్టు కంపెనీలకు, కరెంటు ప్లాంట్లకు తిరిగే బాడుగ కార్లన్నీ అతని దగ్గరికే వచ్చేవి. బొగ్గు లారీలు పోతూ ఉంటే షెడ్డులో ప్రతి వస్తువు మీదా నల్లటి దుమ్ము పేరుకునేది. సముద్రం గాలికి ఇనుము ఏదైనా చూస్తుండగానే తుప్పు పట్టేది. అందుకే అన్న తన పాత కారుకు స్టెయిన్‌లెస్ స్టీలుతో సొంతంగా ఒక సైలెన్సరు చేసుకున్నాడు. పైపును కొంచెం వంచడం, బిగించడం, ఇంజను స్టార్ట్ చేసి కళ్లు మూసుకుని వినడం, మళ్లీ విప్పడం. అది పూర్తయ్యాక ఆ కారు మాట్లాడే తీరే మారిపోయింది. గోల లేదు. గుండెలో నుంచి వచ్చినట్టు ఒక గంభీరమైన శబ్దం. బండి ముందుకంటే చురుగ్గా లాగేది.

"ఇంజను గూడా మనిషి లాంటిదే మే. ఊపిరి బాగా ఆడాల. పొగ లోపలే ఇరుక్కుంటే అది యాడ పరిగెత్తుద్ది?" అని నాకు చెప్పాడు.

నేను అప్పుడు నెల్లూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఆ కారు శబ్దాన్ని ఫోన్‌లో వీడియో తీసి నెట్‌లో పెట్టింది నేనే. దాన్ని చూసి కర్నూలు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. సెలవు దొరికితే కారు పోటీలకు పోయే సరదా మనిషి. నాకూ అలాంటి పైపు చేసి పోస్టులో పంపగలరా అని అడిగాడు. అన్న వారంపాటు దానిమీదే కూర్చున్నాడు. పాత గోనెసంచిలో చుట్టి, సుతిలితో కుట్టి, నేనూ అన్నా చెరో కొస పట్టుకుని పోస్టాఫీసుకు తీసుకుపోయాం. కౌంటర్లో పెద్దాయన కళ్లజోడు పైకి జరిపి చూశాడు.

"ఏందమ్మా ఇది, తుపాకినా?"

"కారు పొగగొట్టమండీ."

"పొగగొట్టాన్ని గూడా పోస్టులో తెప్పించుకుంటారా? ఇంక ఎద్దుల్ని గూడా తెస్తారు మీరు" అని నవ్వుతూనే తూకం వేశాడు.

కర్నూలు ఆయన దాన్ని బిగించుకుని, కొండదారిలో నడుపుతూ వీడియో తీసి పంపాడు. చివర్లో కెమెరా తన వైపు తిప్పుకుని, "మీ అన్నగారి చేతికి నమస్కారం చెప్పండి" అన్నాడు. అన్న ఆ వీడియోను ఎన్నిసార్లు చూశాడో. అన్నం తింటూ కూడా చూశాడు.

అక్కడి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. హుబ్బళ్లి, కోయంబత్తూరు, వరంగల్లు. అన్న పని మానుకుని ఫోన్లు ఎత్తలేకపోయాడు. "నువ్వు రా మే, ఇదంతా నాకు చేతగాదు" అన్నాడు. నేను బడి మానేశాను. పెట్టెలు అతికించడానికి ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకున్నాం. కొరియర్ వ్యాను మా గేటు దగ్గరికే రావడం మొదలైంది. రెండో షెడ్డు లేచింది. ఆ రోజుల్లో నాకు ఆ వ్యాపారం మీద చాలా ఇష్టం ఉండేది. పార్సిలు మీద ఊరి పేరు రాస్తున్నప్పుడు, నేను ఎప్పుడూ చూడని ఆ ఊళ్లో మా అన్న పైపు ఊపిరి పీల్చుకుంటుంది కదా అనిపించేది.

అప్పుడు అన్న తోడల్లుడు వచ్చాడు. మా వదిన చెల్లెలి మొగుడు. తడ దగ్గర ఫ్యాక్టరీల్లో సేల్స్ పని చేసి, అది వదులుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా మా షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మనిషి మాటకారి. ఎదుటివాళ్ల భుజం మీద చెయ్యి వేసి మాట్లాడే అలవాటు. ఆ చెయ్యి ఎప్పుడూ తడిగా ఉండేది.

"అన్నా, నువ్వు చేసేదేమో వారానికి రెండు. అడిగేవోళ్లేమో రోజుకి యాభై మంది. నీ చెయ్యి బంగారమే, కాదన్లా. కానీ బంగారం కొట్లో గూడా గిల్టు అమ్ముతారు గదా" అన్నాడు.

అన్న నవ్వాడు. ఆ నవ్వుతో అంతా అయిపోయింది.

ఆ తర్వాత లారీల్లో సరుకు రావడం మొదలైంది. రెడీమేడ్ సైలెన్సర్లు, ఎయిర్ ఫిల్టర్లు, కారును నేలకు ఆనించే పొట్టి స్ప్రింగులు, బ్రేకు ప్యాడ్లు. గోనెసంచుల్లో పోసుకుని తెచ్చేవాళ్లు, బీట్‌రూట్ దుంపల్లాగ. వాటి మీద పేరూ ఊరూ ఉండేది కాదు. మేమే పెట్టెలు అచ్చు వేయించి, నోరు తెరిచిన పులి బొమ్మ స్టిక్కరు అంటించి పంపాలి. అన్న చేతిపని సైలెన్సరుకూ అదే పులి, సంచిలో వచ్చినదానికీ అదే పులి. బ్రేకు ప్యాడ్ల సంచి విప్పితే చవక జిగురు వాసన గుప్పున కొట్టేది. ఆ వాసన నా చీరల్లోకి, జుట్టులోకి పట్టేసింది. ఇంట్లో తలకు పోసుకుని వచ్చినా దిండు మీద అదే వాసన.

ఫోన్ చేసేవాళ్లు కూడా మారిపోయారు. ఊపిరి గురించి, లాగుడు గురించి అడిగేవాళ్లు తగ్గిపోయారు. "అక్కా, వెనకాల మంట వస్తుందా? తుపాకి పేలినట్టు పేలాల" అనేవాళ్లు ఎక్కువయ్యారు. "ఆస్పత్రి ముందు పోతే అద్దాలు అదరాల" అని ఒకడు. కావాల్సిన పైపు సైజు చెప్పకుండా "మీ గొంతు బాగుంది, ఇంకాసేపు మాట్లాడండి" అని కూర్చునేవాళ్లు కొందరు. ఒకడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఏం చేస్తున్నాడో అర్థమై ఫోను బల్ల మీద పడేసి, చేతులు సబ్బుతో తోముకున్నాను. ఈ సంగతి తోడల్లుడికి చెబితే, "కట్ చెయ్యబాకమ్మా, ఆర్డరు పెట్టినాక కట్ చెయ్యి" అన్నాడు.

ఒకనాడు పొద్దున శ్రీహరికోటలో రాకెట్ వదులుతున్నారని, తోడల్లుడు కారుకు పెద్ద సైలెన్సరు బిగించి నన్నూ ఎక్కించుకుని సూళ్లూరుపేట దాటి తీసుకుపోయాడు. వీడియో తీయడానికి మనిషి కావాలట. గట్టు మీద బడిపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల టీచరమ్మ అందరినీ నిశ్శబ్దంగా ఉండమని వేలు పెదవి మీద పెట్టుకుంది. ఆకాశంలో నిప్పు కనపడింది. శబ్దం ఇంకా మా దాకా రాలేదు. పిల్లలందరూ దానికోసం చెవులు రిక్కించి ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఇతను యాక్సిలరేటరు తొక్కి పట్టుకున్నాడు. సైలెన్సరు టపటపా పేలింది. చిన్నపిల్లలు హడలిపోయి చెవులు మూసుకున్నారు, ఒక పాప ఏడుపు అందుకుంది. పైన రాకెట్ శబ్దం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఎవరికీ వినపడలేదు.

టీచరమ్మ కారు దగ్గరికి వచ్చి, "ఏమయ్యా, సిగ్గుండాల్సిన పన్లే? పిల్లోళ్లు ఎండన నడిచి వచ్చినారు దీనికోసం" అంది.

"రాకెట్ మళ్లీ వదుల్తార్లే అక్కా" అని అద్దం ఎత్తేశాడు.

నేను పక్క సీట్లో కూర్చుని ఉన్నాను. ఆమె నా వైపు కూడా అలాగే చూసింది. నేను ఫోను కిందికి దించేశాను. ఆ వీడియోకు మాత్రం ఆర్డర్లు వరదలా వచ్చాయి.

రిటర్నులు ఎక్కువైనప్పుడు అతను వాటికీ ఒక దారి కనిపెట్టాడు. పెళ్లి ఊరేగింపుకో, రెండు రోజుల తిరుగుడుకో వాడుకుని నచ్చలేదని తిప్పి పంపినవాటిని కిరసనాయిలు గుడ్డతో తుడిపించి, కొత్త స్టిక్కరు వేసి మళ్లీ పంపడం. లోపలంతా మసి. బయట నోరు తెరిచిన పులి. వదిన తరఫు చుట్టాలందరూ మధ్యాహ్నాలు మా ఇంట్లో చేరి, అప్పడాలు నములుతూ, సరుకు అమ్మే సైటులో కొన్నవాళ్లలా మెచ్చుకోళ్లు రాసేవాళ్లు. కారే లేని ఒక పెద్దమ్మ "నా కారు గుర్రంలాగా పోతా ఉంది" అని రాయించింది. అందరూ పొట్టపట్టుకుని నవ్వారు. నేను లేచి షెడ్డుకు వచ్చేశాను.

బ్రేకు ప్యాడ్ల మీద ఫిర్యాదులు మొదలైనప్పుడు అన్నకు చెప్పాను. అప్పటికి అన్న వెల్డింగ్ బల్ల దగ్గర తక్కువ, ఏసీ గదిలో ఎక్కువ కనిపించేవాడు.

"పైపు సరిగా లేకుంటే చప్పుడొస్తది, అంతే. ఇవి బ్రేకులు అన్నా" అన్నాను.

"బిగించుకోవడం రానోళ్లు గోల చేస్తారు మే. నువ్వు పట్టించుకోబాక."

"నీ కారుకి వేసుకుంటావా వాటిని?"

అన్న ఫోను చూస్తూ తల ఊపాడు. అది ఔననో కాదనో నాకు తెలియలేదు. అతని కారు చక్రాల్లో ఏ ప్యాడ్లు ఉన్నాయో నాకు తెలుసు. కంపెనీ షోరూములో వేయించుకున్నవి.

ఆ వేసవిలో కర్నూలు ఆయన వచ్చాడు. మా మొదటి గిరాకీ. గోనెసంచిలో కుట్టి పంపిన పైపు ఆయనదే. అన్ని ఏళ్లు ఫోన్లో మాట్లాడాం గాని ముఖాముఖి చూడటం అదే మొదలు. బస్సు దిగి, గేటు దగ్గర నుంచి నడిచి వచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ముఖం ఒక పక్క గీరుకుపోయి ఉంది. నా బల్ల ముందు నిలబడి, ఎడంచేత్తో సంచిలోంచి ఒక రుమాలు తీసి విప్పాడు. అందులో ఉత్త ఇనుపరేకు ఒకటి, దాని పక్కన పెళుసు బిస్కెట్టులా ఊడిపోయిన నల్లటి పెచ్చు ఒకటి. మేము పంపిన బ్రేకు ప్యాడు. ఆ రేకు వెనకాల పులి బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది.

"నల్లమల ఘాటు దిగుతా ఉంటిమమ్మా. నా భార్య పక్కనే ఉండాది. తొక్కితే గరగరమని చప్పుడు తప్ప బండి ఆగల్యా. లోయ వైపు పోకుండా కొండకేసి కొట్టినా" అన్నాడు. గొంతు ఎత్తలేదు.

"ఆమె ఎలా ఉన్నారండీ?"

"భుజం ఎముక ఇరిగింది. ఆస్పత్రిలో ఉండాది." రుమాలును బల్ల మీద పెట్టాడు. "తిట్టడానికి రాలేదమ్మా నేను. పైపు మీ అన్న చేసినాడు గదా, ఇదీ ఆయన చేసిందే అనుకుంటి. పులి బొమ్మ చూసి కొంటి. ఆయన్ని ఒకసారి అడిగి పోదామని వస్తి."

అన్నను పిలిచాను. అన్న వచ్చి రుమాల్లోకి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆయన అడగాలనుకున్నది అడిగేలోపే తోడల్లుడు ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు.

"సార్! ఎంత దూరం నుంచి వచ్చినారు సార్! ముందు కొబ్బరి నీళ్లు తాగండి, ఎండన పడి వచ్చినారు" అంటూ ఆయన భుజం మీద చెయ్యి వేసి కుర్చీలో కూర్చోబెట్టాడు. బోండాం తెప్పించి ఆయన మంచి చేతిలో పెట్టాడు. లోపల్నుంచి పెద్ద సైలెన్సరు పెట్టె ఒకటి తెప్పించి ఒళ్లో పెట్టాడు. "ఇది మా తరఫున సార్, ఊరికే." ఆయన వద్దనబోతుంటే, అన్నను పక్కకు లాగి నిలబెట్టి, ఫోను పైకెత్తాడు. కర్నూలు ఆయన ఏం జరుగుతుందో తెలియక ఫోను వైపు, అన్న వైపు, నా వైపు చూశాడు. అన్న నిలబడ్డాడు. ఆయన భుజం మీద అన్న కూడా చెయ్యి వేశాడు.

ఆయన అడగకుండానే లేచాడు. సైలెన్సరు పెట్టెను గేటు పక్కన దింపేసి, రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు. నేను వెనకాలే పరిగెత్తాను. "ఏమీ వద్దమ్మా, నువ్వు పో" అన్నాడు. రుమాలు, అందులోని ముక్కలు నా బల్ల మీదే వదిలేశాడు.

సాయంత్రానికి వీడియో పెట్టేశారు. మాటలు తీసేసి హుషారైన సంగీతం వేశారు. "కర్నూలు నుంచి మా షెడ్డు చూడటానికి వచ్చిన అభిమాని. ఇదే మా ఆస్తి" అని పైన అక్షరాలు. చేతి కట్టు స్పష్టంగా కనపడుతోంది. కింద ఎవరో "రేసరన్నకు దెబ్బలు మామూలే, సెల్యూట్" అని రాశారు. దానికి వందల మంది చప్పట్లు కొట్టారు.

"అన్నా, ఆ వీడియో తీసెయ్యమని చెప్పు. ఆ ప్యాడ్లు ఆపెయ్యి" అన్నాను.

"ఎవురూ చావలేదు గదా మే" అన్నాడు.

అంతవరకు నా అసహ్యమంతా తోడల్లుడి తడిచెయ్యి మీద ఉండేది. ఆ మాటతో అది అన్న వైపు తిరిగింది. నాకు సైకిలు నేర్పినవాడు, నాయన పోయినప్పుడు నా తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు ఈ మాట అంటున్నాడని నమ్మబుద్ధి కాలేదు. కానీ అన్నది అతనే, పళ్ల సందులో ఇరుక్కున్నదేదో నాలుకతో లాగుకుంటూ.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోయి, ప్యాడ్లు కొన్న వాళ్లందరికీ వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. "తీసేయండి, వేరేవి వేసుకునేదాకా బండి తీయకండి" ఇంతే చెప్పాను. బళ్లారిలో ఒకాయన చాలా సేపు థాంక్సు చెప్పాడు. ఒక కుర్రవాడు నవ్వి, "అక్కా, నేను బ్రేకే తొక్కను" అన్నాడు. ఇంకొకడు కాసేపు ఆలోచించి, "ఊడిపోయేవైతే రేటు తగ్గించి ఇంకో రెండు సెట్లు పంపండి. నా కారు ఎట్లాగూ అమ్మేస్తుండా, కొనేవాడికి కొత్తగా కనపడతాయి" అన్నాడు. ఫోను పెట్టేశాను.

ఒంగోలు దగ్గర ఒక ఇంట్లో ముసలాయన ఎత్తాడు. ఆర్డరు కొడుకు పేరు మీద ఉంది.

"మావోడు ఇప్పుడే పిల్లల్ని ఎక్కించుకుని పోయాడమ్మా. చీరాల బీచికి."

"ఫోన్ చేసి ఆపమనండి. బండి రోడ్డు పక్కన పెట్టేయమనండి."

ఫోను కట్టయింది. నేను ఇంకెవరికీ చేయలేకపోయాను. బల్ల ముందు కూర్చుని ఆ నంబరు వైపే చూస్తూ ఉన్నాను. చాలా సేపటికి ఆయనే చేశాడు. "వేటపాలెం దగ్గర ఆపాడంట. ఆటోలో వస్తన్నారు" అని, మళ్లీ అదే మాట చెప్పి ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నానికి తోడల్లుడికి తెలిసిపోయింది. వచ్చి నా చేతిలో ఫోను లాక్కున్నాడు. "కడుపు మీద కొడుతుండావా? ఎవురి సొమ్ము తిని ఎవురికి ఫోన్లు చేస్తుండావు?" అని అరిచాడు. ఇంట్లోంచి వదిన పరిగెత్తుకుని వచ్చింది. "మా చెల్లి కాపురం రోడ్డున పడాలనా నీకు? అన్న బాగుపడతా ఉంటే ఓర్వలేకుండా ఉండావా?" అంది.

అరుపులకు అన్న ఏసీ గదిలోంచి బయటికి వచ్చాడు. అన్న వైపు చూశాను. "నువ్వు చెప్పన్నా. నేను చేసింది తప్పంటే నువ్వు చెప్పు."

అన్న మమ్మల్ని దాటుకుని వెల్డింగ్ బల్ల దగ్గరికి పోయాడు. చాలా నెలల తర్వాత గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు. ఎదురుగా బిగించిన పైపు ఏదీ లేదు. పక్కన పడి ఉన్న పనికిరాని ముక్క ఒకటి తీసుకుని, గ్రైండరు వేసి, నిప్పురవ్వలు ఎగురుతుంటే దాన్ని అరగదీస్తూ నిలబడ్డాడు. ఆ చప్పుడులో ఇక నా మాట ఎవరికీ వినపడదు. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.

నా సంచి తీసుకుని బయటికి వచ్చేశాను.

ఇప్పుడు నెల్లూరులో ఒక టైల్సు షాపులో లెక్కలు చూస్తున్నాను. మా వాళ్ల వ్యాపారం ఆగలేదు. ప్యాడ్ల మీద ఫిర్యాదులు మరీ ఎక్కువై, అమ్మే సైటువాళ్లు హెచ్చరించాక వాటిని మానేశారు. సిగ్గుపడి మానలేదు. వాటి బదులు కళ్లు బైర్లు కమ్మే లైట్లు, లారీ హారన్లు పెట్టారు. తడ వైపు పెద్ద గోడౌను తీసుకున్నారు. కర్నూలు ఆయనకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఆమె భుజం కుదురుకుంటోందని, స్టూడియో మళ్లీ తెరిచానని చెప్పాడు. రెండోసారి, "మీరు మంచివారే తల్లీ. కానీ మీ గొంతు వింటే ఆ ఘాటు గుర్తొస్తా ఉండాది" అన్నాడు. ఆ తర్వాత నేను చేయలేదు.

మొన్న ఒక పెళ్లిలో భోజనాల దగ్గర అన్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కొంచెం ఒళ్లు చేశాడు. విస్తరి మీద నీళ్లు చల్లుకుంటున్న అతని చేతులు చూశాను. వేళ్లు మెత్తగా, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. కాలిన మచ్చలన్నీ పోయాయి.

"గోడౌనుకి రా మే. నీలాగా మాట్లాడేవోళ్లు దొరకడం లా. అప్పట్లో మాదిరి కాదు, ఇప్పుడు మనం ఏదీ ముట్టుకునే పనే లేదు. సరుకు అటునుంచి అటే పోతది" అన్నాడు. ఆ మాట గర్వంగానే చెప్పాడు.

"రానన్నా."

"ఇంకా అదేనా?" అన్నాడు.

"అదే."

అన్న వడ్డించే అబ్బాయిని పిలిచి చేపల పులుసు ఇంకొంచెం వేయించుకున్నాడు. ముల్లు తీసి పక్కన పెట్టి, మెడ వంచి, నిదానంగా తినసాగాడు. నేను సగం తిన్న విస్తరి మడిచి లేచాను.